యాభై అడుగుల రాగి

నేను బీరు తాగను. దాని రుచి ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. అయినా, ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు వాడే పనిముట్టు ఒకటి శంషాబాద్‌లోని నా షాపులో, నా చేతులతోనే తయారుచేశాను. దాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని అమెరికా దాకా మోసుకెళ్లాను. మా చుట్టాల్లో కొందరికి ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడలేదు.

నాది ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని. 1994లో బెంగళూరు హైవే పక్కన షాపు పెట్టినప్పుడు శంషాబాద్‌లో ఏసీ ఉన్న ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. కిరాణా కొట్ల ముందుండే కూల్‌డ్రింకు డబ్బాలు, ఐస్‌క్రీం పెట్టెలు, కట్నం కింద వచ్చిన ఫ్రిజ్‌లు... వాటితోనే బతికాం. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. ఆ వెనకే హోటళ్లొచ్చాయి, గోదాములొచ్చాయి, జొన్నచేలు ఉన్నచోట విల్లాలొచ్చాయి. ఏసీ లేని గది లేకుండాపోయింది. మా అబ్బాయి చదువు, వాడి అమెరికా టికెట్టు, అన్నీ ఆ ఏసీల చలవే.

వాడిప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. 2023 వేసవిలో మేమిద్దరం వాడి దగ్గరికి బయల్దేరే ముందు వీడియోకాల్‌లో అడిగాడు.

"నాన్నా, వచ్చేటప్పుడు యాభై అడుగుల కాపర్ పైపు చుట్ట చుట్టుకొస్తవా?"

"ఎందుకురా, ఏసీ ఖరాబైందా?"

"కాదు. బీరు చల్లార్చనీకి."

పక్కన కూర్చున్న మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె లేవడానికి కారణముంది. మా అన్న 1991లో పోయాడు, ముప్ఫై ఆరేళ్లకు. 1980లలో 'వారుణి వాహిని' అనే పథకం పెట్టి ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ పంపింది. అన్న ఆ ప్యాకెట్లతో మొదలుపెట్టి గుడుంబా దగ్గర తేలాడు. చివరి ఏడాది ఆయన్ని ఆస్పత్రికీ ఇంటికీ తిప్పింది మా ఆవిడా, వదినా. అన్న పోయిన మరుసటేడు నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందైంది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో సడలించారు. సారా బందైన రోజున పేపరు చూసి మా వదిన ఒక్కటే మాట అన్నది: "రెండేండ్లు లేటయింది."

అప్పటి నుంచి మా ఇంట్లోకి సీసా రాలేదు. మా అబ్బాయి పెదనాన్న పోయాక పుట్టినవాడు. వాడికి ఇదంతా గోడ మీది ఫొటో, అంతే.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది ఆ రాగి చుట్టే.

ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడు పాసై రాణిగంజ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి. ఒకతను వచ్చి పన్నెండడుగుల కాపర్ పైపు బకెట్లో పట్టేటట్టు చుట్టి ఇమ్మన్నాడు. మామూలు రేటుకు రెట్టింపు ఇస్తానన్నాడు. ఉస్తాద్ పైపు చేతిలోకి తీసుకుని "కౌన్‌సే ఫ్రిజ్ కా?" అని అడిగాడు. ఏ ఫ్రిజ్‌కు కావాలని. అతను నీళ్లు నమిలాడు. ఉస్తాద్ మారుమాట లేకుండా పైపును మూలన పెట్టేసి బీడీ ముట్టించాడు. అతను వెళ్లిపోయాక సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించాడు. కింద పొయ్యి మీద పులిసిన బెల్లం ఊట. పైన మూత. మూతలోంచి గొట్టం. గొట్టం చుట్టలు చుట్టుకుని చల్లటి నీళ్ల బకెట్లోకి దిగుతుంది. ఊట ఆవిరి గొట్టంలో పడి, చల్లబడి, కిందికి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. "యే భీ కండెన్సరీచ్ హై" అన్నాడు. ఫ్రిజ్ వెనకాల ఉండేదీ అదే, గుడుంబా బట్టీలో ఉండేదీ అదే.

మా అబ్బాయి పంపిన ఫొటో చూస్తే అచ్చం ఉస్తాద్ బొమ్మలోని చుట్టే. రెండు రోజులు వాడికి జవాబివ్వలేదు. మూడో రోజు ఫోన్ చేసి రెండే ప్రశ్నలడిగాను. పైపు లోపల ఏం పోతుంది? నల్లా నీళ్లు. పైపు బయట ఏముంటుంది? వర్ట్.

ఈ వర్ట్ అంటే ఏమిటో చెప్పాలి. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఆరబెట్టి, బరకగా ఆడిస్తారు. అది మాల్ట్. దాన్ని 65, 67 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడగట్టి, ఆ తీపినీళ్లలో హాప్స్ అనే చేదు పూలు వేసి ఇంకో గంట మరిగిస్తారు. అదే వర్ట్. హాప్స్ వేయకముందు రుచి చూస్తే హార్లిక్స్‌లాగే ఉంటుంది. హార్లిక్స్ కూడా మాల్ట్‌తో చేసేదే కదా. రాజమండ్రిలో ఫ్యాక్టరీ పెట్టి మనవాళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పనిలో సగం ఇదే. మిగతా సగం దగ్గరే దారులు వేరవుతాయి. వాళ్లు పాలు కలిపి ఎండబెడతారు, వీళ్లు ఈస్ట్ వేసి పులియబెడతారు.

ఈస్ట్ ప్రాణమున్న జీవి. మరుగుతున్న దాంట్లో వేస్తే చచ్చిపోతుంది. మామూలుగా ఇళ్లల్లో కాచే ఏల్ రకం బీర్లకు వర్ట్ 20 డిగ్రీల దగ్గరికి దిగాక ఈస్ట్ వేయాలి. అప్పటిదాకా ఆగుదామంటే కుదరదు. అంత తీపినీళ్లు గోరువెచ్చగా మూత కింద కూర్చుంటే గాలిలోని బాక్టీరియా ముందుగా వచ్చి విందు చేసుకుంటుంది. వేడి మీద ఎక్కువసేపు ఉంటే ఉడికించిన మొక్కజొన్న వాసన వచ్చే గంధకపు పదార్థం ఒకటి కూడా పోగవుతుంది. మరిగేటప్పుడు అది ఆవిరితో పోతుంది, మంట ఆపాక పోయే దారి ఉండదు. త్వరగా చల్లారిస్తే ఇంకో లాభం. మాంసకృత్తులు విరిగిన పాలలా ముద్దకట్టి అడుగుకు దిగుతాయి, పైన తేట మిగులుతుంది. ఇంతకీ చుట్ట దిగేటప్పటికి ఆ గిన్నెలో మత్తు చుక్క కూడా ఉండదు. గుడుంబా బట్టీలో ఆవిరి లోపల, నీళ్లు బయట. ఇక్కడ నీళ్లు లోపల, తీపి కషాయం బయట. ఆ చుట్ట సారాను పుట్టిస్తుంది. ఈ చుట్ట వేడిని మోసుకుపోతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

ఈ తేడా మా ఆవిడకు చెప్పాను. "రెండు వారాలకు అది బీరు గాదా మరి?" అంది. అవుతుంది. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ అక్కడ ఇంట్లో కాచుకోవడం తప్పు కాదు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, తమ ఇంటి అవసరానికి పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకుమించో ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా బీరు కాచుకోవచ్చు. రాష్ట్రాలు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాయి. చివరికి మిగిలిన అలబామా, మిసిసిపి కూడా 2013లో దారికొచ్చాయి. మా అబ్బాయి చాటుమాటుగా చేయడం లేదు. చాటుమాటుగా చేసినవాడు తండ్రిని చుట్ట అడగడు. నాకు ఆ ఒక్క ముక్క సరిపోయింది. మా ఆవిడకు సరిపోలేదు.

పనిలో దిగే ముందు లెక్క వేసుకున్నాను. వాడు ఒక్కో విడత కాచేది ఇరవై లీటర్ల లోపు. ఇరవై లీటర్లని నూరు డిగ్రీల నుంచి ఇరవై అయిదుకు దించాలంటే 1500 కిలోకేలరీల వేడిని బయటికి లాగాలి. మా భాషలో టన్ను ఏసీ అంటే గంటకు 3024 కిలోకేలరీలు లాగేది. రెండువేల పౌన్ల ఐసు ఇరవై నాలుగు గంటల్లో కరిగితే పీల్చుకునే వేడిని గంటకు లెక్కేసిన అంకె అది. 'టన్ను' అనే మాట పుట్టింది ఆ ఐసు నుంచే. ఏసీ కొనేవాళ్లలో చాలామంది మిషను బరువనుకుంటారు. ఈ లెక్కన ఆ గిన్నెడు కషాయాన్ని చల్లార్చడమంటే ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి జోరు మీద ఇరవై నిమిషాలు చేసే పని. మూతపెట్టి వదిలేస్తే తెల్లారినా గోరువెచ్చగానే ఉంటుంది. ఆస్ట్రేలియాలో కొందరు అలాగే మరుగుతున్నదాన్ని ప్లాస్టిక్ డబ్బాలో గాలి చొరకుండా బిగించి మర్నాటికి వాడుకుంటారట. మన మే నెల రాత్రుల్లో ఆ డబ్బా ఎన్నాళ్లున్నా ఇరవైకి దిగదు.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. మా వృత్తికి మొదట్లో అన్నం పెట్టింది బీరే. యూరప్‌లో పాతకాలంలో వర్ట్‌ని అటక మీద వెడల్పాటి లోతులేని పళ్లేల్లో పోసి గాలికి ఆరబెట్టేవారు. బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరుకు ఇప్పటికీ అంతే. అందుకే చలికాలంలోనే కాచేవారు. పందొమ్మిదో శతాబ్దంలో చల్లటి నీళ్లు లోపల పారే అడ్డగొట్టాల మీదుగా వర్ట్‌ని ధారగా జార్చే పద్ధతి వచ్చింది. దాని పేరు బాడెలాట్ కూలర్. ఐటీఐ రోజుల్లో పుస్తకంలో చదివి పరీక్షలో బొమ్మ వేశాను. అది సారాయి సరుకు కోసం పుట్టిందని మాకు ఎవరూ చెప్పలేదు, పాల డెయిరీలకు వాడతారని మాత్రమే చెప్పారు. ఇక 1870లలో కార్ల్ ఫాన్ లిండే అనే జర్మన్ ప్రొఫెసర్ తన శీతల యంత్రాన్ని మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ కోసం తయారుచేశాడు. ఆయనకు డబ్బు పెట్టింది బీరు కాచేవాళ్లు. ఎండాకాలంలో కూడా బీరు కాచుకోవాలన్న వాళ్ల ఆరాటంలోంచి పెరిగిన విద్యతోనే నేను శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఇది తెలిశాక మా అబ్బాయి మీద కోపం నిలుపుకోవడం కొంచెం కష్టమైంది.

పైపు రాణిగంజ్‌లోనే కొన్నాను. మూడు సూత్‌లది. అంగుళంలో ఎనిమిదో వంతును మేం సూత్ అంటాం. ఏసీలకు వాడే మెత్తటి రాగి, యాభై అడుగుల రోల్. తూకం వేస్తే రెండున్నర కేజీల పైచిలుకు. వాడి గిన్నె వెడల్పు ముప్ఫై నాలుగు సెంటీమీటర్లని కొలిచి పంపాడు. చుట్ట దాంట్లో దిగి, చుట్టూ గరిటె తిరగడానికి చోటుండాలి. షాపులో మూలన పడున్న ఖాళీ ఆర్-22 గ్యాసు సిలిండరు సరిగ్గా సరిపోయింది. దాని మీద చుడితే పాతిక సెంటీమీటర్ల చుట్టు వస్తుంది.

వంగే చోట పైపు నొక్కుకుపోకుండా లోపల ఇసుకో ఉప్పో నింపాలంటారు కొందరు. ఇంత పెద్ద చుట్టుకు అదంతా అనవసరం. సిలిండరును కాళ్ల మధ్య పెట్టుకుని, రోల్‌ని కొంచెం కొంచెం విప్పుతూ, అరచేతితో అదుముతూ తిప్పితే చాలు. తొందరపడకూడదు. రాగిని ఒకసారి వంచితే ఊరుకుంటుంది, వంచి తీసి మళ్లీ వంచితే గట్టిపడి మొండికేస్తుంది. రెండు కొసలు గిన్నె అంచు దాకా లేచి బయటికి వంగాలి. ఆ గుత్తమైన వంపుల దగ్గర మాత్రం బెండింగ్ స్ప్రింగ్ తొడగక తప్పదు. పదహారు చుట్లొచ్చాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఉంటేనే ద్రవం అన్నివైపులా తగులుతుంది. ఆ సందు నిలవడానికి మూడుచోట్ల రాగితీగతో అల్లాను. ఇనుపతీగ వాడితే తుప్పు.

అతుకు ఒక్కటి కూడా పెట్టలేదు. అది నా పట్టుదల. మా వెల్డింగ్ రాడ్లు ఏసీ పైపుకి బాగానే ఉంటాయి, తినే తాగే వస్తువులో వాటిలోని లోహాలు మునగకూడదు. పైగా అతుకున్న చోటే ఎప్పటికైనా కారుతుంది. లోపల నైట్రోజన్ నింపి, నీళ్ల తొట్టిలో ముంచి అరగంట చూశాను. బుడగ రాలేదు. కొసలకు కప్లింగులూ వేయలేదు. అక్కడి తోట పైపుల మర వేరు, మన అరంగుళం మర దానికి ఎక్కదు. రబ్బరు ట్యూబు తొడిగి క్లిప్పు బిగించుకోవడమే మేలు.

ఆఖరున కడగడం. కొత్త పైపు మీద నూనె జిడ్డుంటుంది. వెనిగర్ వేసిన నీళ్లలో మరిగించాలని మా అబ్బాయి చెప్పాడు. దానికంటే ముందు చింతపండుతో తోమాను. షాపు కుర్రాళ్లు నవ్వారు గానీ పూజగదిలో చెంబులా మెరిసింది. వర్ట్‌లో కొద్దిగా పులుపుంటుంది కాబట్టి రాగిని అదే శుభ్రంగా ఉంచుతుంది. వాడాక కడగకుండా తడిగా పెడితే చిలుము పడుతుంది. అది విషం. ఆ మాట వాడికి మూడుసార్లు చెప్పాను.

శంషాబాద్ విమానాశ్రయంలో సామాను తనిఖీ దగ్గర సూట్‌కేసు తెరవమన్నారు. చీర మడతల్లోంచి చుట్ట తీసి చూపించాను. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇసొంటిది మా ఊళ్లె చూసిన అంకుల్" అన్నాడు మెల్లగా. "నేను గూడ చూసిన బిడ్డా. ఇది గది గాదు. లోపలికెల్లి నీళ్లు పోతయి, గంతే" అన్నాను. ఒక కొసలో ఊదమన్నాను. నిజంగానే ఊదాడు. రెండో కొసన గాలి వచ్చింది. నవ్వి మళ్లీ చీరల్లోనే పెట్టాడు. పక్కన మా ఆవిడ విమానాల పట్టిక చదువుతున్నట్టు నిలబడింది.

ఆగస్టులో డాలస్ వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, మన మే నెలకు అదేమీ తీసిపోదు. వాడి గ్యారేజీలో నల్లా తిప్పి థర్మామీటర్ పెడితే 29 డిగ్రీలు. నాకు అక్కడే విషయం అర్థమైంది. చుట్ట ఎంత బాగున్నా లోపల పారే నీటికన్నా కిందికి దించలేదు. ఎండాకాలం ట్యాంకు నీళ్లతో వాటర్‌కూల్డ్ ప్లాంటు నడిపినవాడికి ఇది కొత్త సంగతి కాదు. మనవాళ్లు రంజన్‌కు తడిగుడ్డ చుట్టి నీళ్లు చల్లబరిచేది కూడా ఈ గోడను దాటడానికే. ఆవిరయ్యే తడి వేడిని తీసుకుపోతుంది. కానీ ఇరవై లీటర్ల మరిగే కషాయానికి తడిగుడ్డ ఏం ఆనుతుంది?

మరగడం ఇంకో పావుగంటలో ఆపుతారనగా చుట్టను అందులో దించాం. దాని మీద ఉన్న సూక్ష్మజీవులన్నీ ఆ మరుగులో చస్తాయి. మంట ఆపి నీళ్లు వదిలాం. బయటికొచ్చే మొదటి నీళ్లు చేయి పెట్టలేనంత వేడి. రెండు నిమిషాలకే అవి చల్లబడ్డాయి. మా అబ్బాయి సంబరపడ్డాడు, అయిపోయిందనుకున్నాడు. నేను థర్మామీటర్‌ని గిన్నె అంచున పెట్టాను. ఇంకా 80 దాటే ఉంది. చుట్టకు తగిలిన పొర మాత్రం చల్లబడి, దుప్పటిలా దాన్ని కప్పేసుకుంది. బ్లోయర్ ఆగిన ఏసీలో కాయిల్ మంచు కట్టి గది ఉడికిపోవడం రోజూ చూసేదే. "గాలి ఆగింది రా, కలుపు" అన్నాను. చుట్ట కొసలు పట్టుకుని గిన్నెలో మెల్లగా పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టగానే బయటి నీళ్లు మళ్లీ కాలిపోయాయి. ఇంతకుముందు దోస్తు దగ్గర అరువు తెచ్చుకున్న చుట్టతో వాడికి ముప్పావుగంట పట్టేదట. పన్నెండు నిమిషాల్లో 40కి దిగింది.

అక్కడి నుంచి నల్లా నీళ్లు పనికిరావు. 40కీ 29కీ మధ్య తేడా తగ్గేకొద్దీ వేడి కదలదు. మిగిలింది ఇరవై డిగ్రీల లోపు, అంటే నాలుగొందల కిలోకేలరీలు. కేజీ ఐసు కరిగితే ఎనభై. అయిదు కేజీలు చాలాలి, వృథా పోయేది కలుపుకుని ఎనిమిది. బకెట్లో ఐసూ నీళ్లూ కలిపి, చిన్న పంపుతో ఆ నీళ్లనే చుట్టలో తిప్పి మళ్లీ బకెట్లోకి వదిలాం. ఇక్కడి ఎయిర్‌కూలర్ పంపు తీసుకెళ్దామనుకున్నాను. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది తిరగదు. వాడు చేపల తొట్టి పంపు తెచ్చి ఉంచాడు. మరో పది నిమిషాలకు ముల్లు 21 దగ్గర ఆగింది. అడుగున తెల్లటి తరకలు దిగడం కళ్లతో చూశాను.

ఈ మధ్యలోనే మా ఆవిడ గ్యారేజీ తలుపు తీసింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, డ్రైనేజీ వైపు పారుతున్న పైపు చూసింది. "గన్ని నీళ్లు ఊకెనే పోతున్నయ్" అంది. శంషాబాద్‌లో ట్యాంకరు కోసం ఎదురుచూసిన మనిషి. బకెట్లు తెచ్చి పెట్టింది. వేడి నీళ్లు గిన్నెలకు, గోరువెచ్చనివి బట్టలకు, తర్వాతివి కోడలు కుండీల్లో పెంచుతున్న కరివేపాకుకూ గోంగూరకూ. అరవై లీటర్ల దాకా పట్టింది. గిన్నె వైపు మాత్రం చూడలేదు.

రాత్రి వాడు ఒక నోట్‌బుక్ తీసి రాసుకుంటున్నాడు. తారీఖు, ఎంత మాల్ట్, ఏ హాప్స్, ఎన్ని నిమిషాలు, ఎన్ని డిగ్రీలు. వెనక పేజీల్లో ఇంకో లెక్క ఉంది. ఎన్ని సీసాలు నిండాయి, ఎన్ని దోస్తులకిచ్చాడు, ఎన్ని తను తాగాడు. రెండేళ్ల లెక్క. నేను ఒక్కో పేజీ చదివాను. వాడు అడ్డుచెప్పలేదు. మా అన్నకు ఏ రోజూ లెక్క లేదు. ఆ మాట నేను పైకి అనలేదు గానీ, పెదనాన్న ఎలా పోయాడో ఆ రాత్రే వాడికి మొదటిసారి పూర్తిగా చెప్పాను. ఆస్పత్రి సంగతులు నాకు తెలియనివి మా ఆవిడ చెప్పింది. వదిన అన్న మాట కూడా చెప్పింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మూడు వారాల తర్వాత సీసాలు తెరిచినప్పుడు మా ముందు తెరవలేదు. తెరవొద్దని మేమూ అనలేదు.

అక్టోబరులో తిరిగొచ్చాం. షాపు కుర్రాళ్లు ఈ కథ ఎవరెవరికి చెప్పారో, ఓ రోజు విల్లాల వైపు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. ఫోన్లో ఫొటో చూపించి ఇలాంటి చుట్ట కావాలన్నాడు. నా నోటి నుంచి ఉస్తాద్ మాటే వచ్చింది: "ఏ ఫ్రిజ్‌కు?" అతను దాచలేదు, బీరుకేనన్నాడు. మన దగ్గర లైసెన్సు లేకుండా బకెట్టు బీరు కాచినా నేరమే. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది. 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చారు గానీ అవి లైసెన్సు కట్టి నడిపే బార్లకు, ఇళ్లకు కాదు. "మా ఇంట్లో ఎవరు చూస్తారంకుల్?" అన్నాడు. గుడుంబాకూ దీనికీ తేడా నాకు తెలుసు, ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన చట్టం కొంచెం మొరటుదే అని కూడా నా అభిప్రాయం. అయినా పైపు తీయలేదు. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే కొత్తూరు దగ్గర్నుంచి ఒక రైతు వచ్చాడు. పన్నెండు బర్రెలున్నాయి. పాల వ్యాను పొద్దున్నే వస్తుంది, రాత్రి పితికిన పాలు ఎండాకాలం అప్పటిదాకా నిలవడం లేదు. క్యానులో ముంచి చల్లటి నీళ్లు తిప్పే చుట్ట చేస్తావా అని అడిగాడు. చేస్తానన్నాను. అయితే పాలకు రాగి పనికిరాదు. రాగి తగిలితే పాలలోని కొవ్వు చెడి అట్టముక్క వాసన వస్తుంది. 304 రకం స్టీలు పైపు కావాలి. స్టీలు వేడిని రాగిలో పాతికో వంతే మోస్తుంది, గోడ పలచగా ఉంటే ఆ నష్టం పెద్దగా తెలియదు. వంచడమే యాతన. మొన్న అదే గ్యాసు సిలిండరు మీద మొదటి చుట్టు తిప్పి వదిలాను. స్ప్రింగులా రెండంగుళాలు తెరుచుకుంది. దీనికి ఇంకా సన్నటి సిలిండరు వెతకాలి.